చెప్పకుండా తీసుకెళ్లిన కళ్లజోడు

బొమ్మలాయనకి పేకాట లేదు, పొగ లేదు, కోపం కూడా పెద్దగా లేదు. ఉన్న అలవాటల్లా ఒక్కటే. కంటికి నచ్చిన వస్తువుని చెప్పాపెట్టకుండా పట్టుకుపోవడం.

దాన్ని దొంగతనం అంటే మాత్రం ఆయన మనసు చివుక్కుమనేది. "అరువు" అనేవాడు.

"అరువంటే అడిగి తీసుకోవాలి కదా మావయ్యా?" అని మేనకోడలు అడిగితే, "అడిగితే ఇవ్వరు కదే అమ్మడూ!" అని అమాయకంగా కళ్లు ఆర్పేవాడు.

ముప్ఫై అయిదేళ్లుగా పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తున్నాడాయన. ఆ పుస్తకాల్లో నక్క పట్టుకున్న కత్తెర వీధి మొదట్లో దర్జీది. ఖడ్గమృగం తల మీద గోడకి వేలాడే గడియారం మేడ మీద పన్ను డాక్టరుది. కుందేలు ఊదే ఈల బస్సు కండక్టరుది. ఏదైనా కనిపించకుండా పోతే ఆ చుట్టుపక్కల జనం పోలీసు స్టేషన్‌కి వెళ్లేవాళ్లు కాదు. పుస్తకాల షాపుకి వెళ్లి, ఆయన కొత్త పుస్తకం తిరగేసి, "ఇదిగో, తొమ్మిదో పేజీలో ఉంది నా గిన్నె!" అని ఊపిరి పీల్చుకునేవాళ్లు.

"వస్తువుని చూసి గీస్తే అది బొమ్మ. దాంతో నాలుగు రోజులు కాపురం చేసి గీస్తేనే దానికి ప్రాణం వస్తుంది" అనేది ఆయన సిద్ధాంతం. అందుకని కెటిల్ మూత ఒళ్లో పెట్టుకుని పేపరు చదివేవాడు. తాళంకప్పని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఒకసారి బూటుని దిండు మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాడు. పెళ్లయిన కొత్తలో అది చూసిన అత్తగారు కూతురి కోసం కుళ్లికుళ్లి ఏడ్చిందట.

ఆ కూతురు, అంటే మేనకోడలి అత్తయ్య, తర్వాత రాటుదేలిపోయింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, భర్త బయటి నుంచి రాగానే తనిఖీ మొదలుపెట్టేది.

"ఆ జేబు చూపించండి."

"ఏం లేదోయ్."

"మరి ఆ చప్పుడేంటి?"

"మోకాళ్లు. వయసు మీద పడుతోంది కదా."

"మోకాళ్లు ట్రింగ్ ట్రింగ్‌మంటాయా?"

జేబులోంచి పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు బయటపడేది. ఆవిడ తల బాదుకుని, చెప్పులేసుకుని, పోస్ట్‌మ్యాన్‌కి క్షమాపణ చెప్పడానికి బయల్దేరేది. ఆ వీధిలో ఆవిడ క్షమాపణ చెప్పని గడప లేదు.

విచిత్రం ఏమిటంటే, తీసుకెళ్లేటప్పుడు పట్టపగలు దర్జాగా తీసుకెళ్లే మనిషి, తిరిగి పెట్టేటప్పుడు మాత్రం పిల్లిలా నడిచేవాడు. ఎప్పుడు వచ్చాడో, ఎలా పెట్టాడో ఎవరికీ తెలిసేది కాదు. పోయిన వస్తువు ఓ పూట తన చోట తనే ప్రత్యక్షమయ్యేది. "ఇరవై నిమిషాలు వెనక నడిచే గడియారం, తిరిగొచ్చాక సరిగ్గా నడుస్తోందండీ. వస్తువులకి కూడా సెలవులు అవసరమేమో!" అని పన్ను డాక్టరు ఆశ్చర్యపోయాడు. కత్తెర పదునెక్కిందని దర్జీ కూడా అన్నాడు కానీ, ఆ ఘనత తను కొత్తగా వాడుతున్న నూనెకి కట్టబెట్టాడు.

ఇంతవరకూ అందరికీ నవ్వులాటే. నవ్వు రానిది ఒక్క మేనకోడలికి. ఎందుకంటే ఆ అమ్మాయి, బొమ్మలాయన పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థలోనే సహాయ ఎడిటరు. మావయ్య ఆలస్యం చేసినప్పుడల్లా పెద్ద ఎడిటరు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "మీ మావయ్యగారు..." అని మొదలుపెట్టేవాడు. పుస్తకం బాగా వస్తే "మన ఆర్టిస్టు", ఆలస్యమైతే "మీ మావయ్యగారు".

ఈసారి ఆ ఆలస్యం పీకల మీదికి వచ్చింది.

పుస్తకం ఒక ముసలి ఎలుగుబంటి గురించి. దానికి చూపు ఆనదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వదు. దీపస్తంభాన్ని జిరాఫీ అనుకుని పలకరిస్తుంది, ఆరేసిన దుప్పటితో కరచాలనం చేస్తుంది. చివరి పేజీలో దానికి కళ్లజోడు వస్తుంది. లోకం మొదటిసారి స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఎలుగుబంటి ముఖం. అంతే, ఆ ఒక్క బొమ్మే మిగిలింది.

ఆ ఒక్క బొమ్మ కోసం బొమ్మలాయన రెండు వారాల్లో పదిహేడు ఎలుగుబంట్లు గీశాడు. పదిహేడూ చించేశాడు.

"ఇంత బాగుంటే ఎందుకు చించావు మావయ్యా?"

"వీళ్లంతా ఫొటోకి నవ్వుతున్నారే. ఒక్కడికీ ఏమీ కనిపించడం లేదు."

శుక్రవారం పొద్దున పెద్ద ఎడిటరు మేనకోడలిని గదిలోకి పిలిచాడు. తలుపు వేయమన్నాడు. ఆయన తలుపు వేయమంటే గొంతు తగ్గుతుంది, గొంతు తగ్గితే భయపడాలి.

"నాలుగింటికి ఆ బొమ్మ ప్రెస్సులో ఉండాలి. అయిదింటికి మెషిన్ తిరగాలి. తిరగకపోతే రేపటి నుంచి దాని మీద కేలండర్లు ఎక్కుతాయి. నెలన్నర దాకా దిగవు. బడి లైబ్రరీలన్నీ సోమవారం ఈ పుస్తకం కోసం చూస్తుంటాయి. పైవాళ్లు నిన్ననే చెప్పారు, ఇది కూడా తప్పితే పిల్లల పుస్తకాల విభాగం మూసేస్తారట."

"మూసేస్తే... మనం?"

"మనం కూడా బడికి వెళ్లొచ్చు, మళ్లీ మొదటి నుంచి చదువుకోవడానికి" అన్నాడాయన. నవ్వలేదు.

మేనకోడలు తన బల్ల దగ్గరికి వచ్చిందో లేదో, ఫోను మోగింది. ప్రెస్సు మేనేజరు. ఆయన మామూలుగానే గట్టిగా మాట్లాడతాడు, మెషిన్ల మధ్య బతికే మనిషి. ఇవాళ ఫోను చెవికి మూరెడు దూరంలో పెట్టినా వినిపిస్తోంది.

"మీ మావయ్య నిన్న మా ప్రెస్సుకి వచ్చాడా?"

"ప్రూఫులు చూడ్డానికి వస్తానన్నారండీ. ఏమైంది?"

"ఏమైందా? మా రంగుల తాత కళ్లజోడు ఎత్తుకెళ్లాడు!"

రంగుల తాత అంటే ఆ ప్రెస్సులో నలభై ఏళ్లుగా రంగుల మెషిన్ నడిపే పెద్దాయన. ఒక రంగు మీద ఇంకో రంగు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుందో లేదో చూసి చెప్పడం ఆయన పని. ఆయన తల ఊపందే అక్కడ మెషిన్ కదలదు.

"ఆయన దగ్గర ఇంకో జోడు లేదాండీ?"

"లేదు. ఇంకో సంగతి వినండి. ఇప్పుడు ఆ తాత కూడా కనిపించడం లేదు! పావుగంట క్రితం ఎవరో ఫోన్ చేశారట. 'నా కళ్లజోడు నేనే తెచ్చుకుంటా' అని గోడ పట్టుకుని నడుచుకుంటూ బయటికి వెళ్లాడట. ఎక్కడికో గేటు దగ్గర కూడా చెప్పలేదు. ఏం మనుషులమ్మా మీరు! నిన్న కళ్లజోడు, ఇవాళ మనిషి! రేపొచ్చి మెషిన్ పట్టుకుపోతారా?"

మేనకోడలు టాక్సీ ఎక్కింది. దారి పొడుగునా ఆమె కళ్ల ముందు ఒకటే దృశ్యం. చూపు ఆనని ముసలాయన రోడ్డు దాటుతున్నాడు, బస్సు వస్తోంది. బొమ్మలో అయితే అది నవ్వొచ్చే పేజీ. రోడ్డు మీద కాదు.

ఇంటి గుమ్మంలో అత్తయ్య కుర్చీ ఖాళీగా ఉంది. అది మంచి సూచన కాదు. ఆవిడ లోపల గోడకి చేరగిలబడి కూర్చుంది.

"అత్తయ్యా, మావయ్య ఏరీ?"

"ఎనిమిదింటికే వెళ్లారు. నేను స్నానానికి వెళ్లినప్పుడు చూసి మరీ. ఈసారి ఎవరిదే?"

"ప్రెస్సులో తాత కళ్లజోడు."

అత్తయ్య ముఖం పాలిపోయింది. "గిన్నెలంటే సరే, కత్తెరలంటే సరే. మనిషి కళ్లు కూడానా? ఇక నా వల్ల కాదు తల్లీ. ఇన్నేళ్లూ వీధి వీధికీ వెళ్లి తల వంచుకున్నాను. ఆ తాతకేమైనా అయితే ఎవరి ముందు తల వంచుకోను?"

మేనకోడలు పనిగదిలోకి పరుగెత్తింది. కిటికీ పక్కన బల్ల. బల్ల మీద కప్పు టీ, అందులో బ్రష్షు. రంగునీళ్ల గ్లాసు పక్కన ఖాళీ బిస్కెట్ల పళ్లెం. ఆయన ఎప్పుడూ ఇంతే, బ్రష్షు టీలో ముంచి, రంగునీళ్లు తాగబోయి ఆగుతాడు. తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేసిన బొమ్మలన్నీ ఎలుగుబంట్లే. అన్నీ ముఖాలు లేని ఎలుగుబంట్లు. కానీ వాటికి కళ్లజోళ్లు ఉన్నాయి. నల్ల ఫ్రేము, ఎడమ కాడకి తెల్లదారం చుట్టి ముడి వేశారు. కుడి అద్దం మీద అడ్డంగా గీత.

సందేహం లేదు. కళ్లజోడు ఇక్కడికి వచ్చింది, బొమ్మలో దిగింది, మళ్లీ ఎక్కడికో వెళ్లింది.

బొమ్మల కింద ఒక చీటీ మీద ఆయన రాత ఉంది. "గడియారాలు, 9."

"అత్తయ్యా, ఈ గడియారాలేంటి?"

"ఇంకేముంటుంది! ఎవరి గోడ మీదో కన్ను పడి ఉంటుంది" అంది అత్తయ్య.

మేనకోడలికి రెండు వీధుల అవతల గడియారాలు బాగుచేసే షాపు ఒకటి గుర్తొచ్చింది. అక్కడికి వెళ్లేసరికి పన్నెండున్నర. షాపు అంటే షాపు కాదు, రెండు గోడల మధ్య ఇరుక్కున్న అలమార లాంటిది. అందులో మెకానిక్ ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ఆమె మావయ్య పోలికలు చెప్పబోయింది.

"బుర్ర మీసాలు, చొక్కా మీద రంగు మరకలు... ఆయనేగా? పొద్దున వచ్చారమ్మా. నెలకి మూడు సార్లయినా వస్తారు."

"ఇక్కడ కూడా ఏమైనా పోయిందాండీ?" అడిగింది మేనకోడలు బిక్కముఖం వేసి. అత్తయ్య లేదు కాబట్టి క్షమాపణ తనే చెప్పాలి.

"పోవడమేంటమ్మా? తెస్తారు! పాడైనవన్నీ పట్టుకొస్తారు. వెనక నడిచే గోడ గడియారం తెచ్చారు, దాని స్ప్రింగు మార్చాను. మొద్దుబారిన కత్తెర తెస్తే ఎదురు షాపులో సాన పట్టించి ఇచ్చాను. పలకని ఈల, కదిపితే చాలు మోగిపోయే సైకిల్ బెల్లు, కారే గిన్నె... ఈ చుట్టుపక్కల ఆయన ఇంట్లో ఉన్నన్ని పాడైన సామాన్లు ఇంకెవరింట్లోనూ ఉండవమ్మా. పాపం, కొత్తవి కొనుక్కోలేరేమో!"

వెనక నడిచే గడియారం. మొద్దు కత్తెర. ఒక్కో వస్తువూ ఒక్కో పుస్తకంలోంచి దిగి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డట్టయింది. ఇన్నేళ్లలో ఒక్కరికైనా, ఒక్కసారైనా తోచలేదు, ఆ మనిషి చేతికి చిక్కినవన్నీ పాడైనవే ఎందుకని.

"ఇవాళ ఏం తెచ్చారు?"

"కళ్లజోడు. విరిగిన కాడ అతికించాను. అద్దాల సంగతి నాకు తెలీదంటే, పెద్దాసుపత్రి వెనక కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తానన్నారు."

ఆమె మళ్లీ టాక్సీ ఎక్కింది. కళ్ల డాక్టరమ్మ క్లినిక్ మెట్లెక్కుతుంటే ఒంటిగంట దాటింది. తలుపు తీయకముందే అరుపులు వినిపించాయి.

"ముందు నా కళ్లజోడు ఇవ్వండి!"

"ముందు మీరు కుర్చీలో కూర్చోండి!"

"దొంగతనం చేసింది కాక షరతులా?"

"దొంగని కాబట్టే షరతులు!"

లోపల రంగుల తాత. క్షేమంగా, కాళ్లూ చేతులూ అన్నీ ఉండి, కోపంతో ఊగిపోతూ నిలబడ్డాడు. ఆయన ఎదురుగా బొమ్మలాయన, కళ్లజోడు వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్య డాక్టరమ్మ, అరవై దాటిన ఇద్దరు మగాళ్లని బడిపిల్లల్లా విడదీస్తోంది.

మేనకోడలు సంతోషపడాలో, ఏడవాలో తేల్చుకోలేక గట్టిగా అరిచింది. "మావయ్యా! నాలుగింటికి బొమ్మ కావాలి! అయిదింటికి మెషిన్ తిరగాలి! మీరిద్దరూ ఇక్కడ కొట్టుకుంటే పుస్తకం ఆగిపోతుంది! మా విభాగం మూసేస్తారు!"

పుస్తకం ఆగిపోతుందన్న మాటకి తాత చేతులు దించాడు.

బొమ్మలాయన ఆమెని పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "నిన్న ప్రెస్సులో ఆయన ప్రూఫు చూస్తుంటే చూశానే. కాగితాన్ని ఒకసారి ముక్కుకి ఆనించాడు, ఒకసారి చెయ్యి చాచినంత దూరం పెట్టాడు. ఎర్రరంగు పక్కకి జరిగింది, ఆయనకి కనిపించలేదు. కనిపించలేదని చెప్పలేక 'బాగుంది' అన్నాడు. నాకు వణుకు పుట్టింది. నా ఎలుగుబంటి ఎదురుగా నిలబడి ఉన్నాడే!"

"అయితే ఆయనతోనే చెప్పొచ్చుగా, కళ్లు చూపించుకోండని?"

"చెప్పానే, మూడు నెలల నుంచి ప్రూఫులకి వెళ్లినప్పుడల్లా చెప్తున్నాను. 'అబ్బే, నాకేం, బ్రహ్మాండంగా కనిపిస్తోంది' అంటాడు. సాయం చేస్తానంటే ప్రతివాడూ 'అబ్బే, వద్దులెండి' అంటాడు. దొంగతో ఎవడైనా 'అబ్బే, వద్దులెండి' అంటాడా? వెంటపడి వస్తాడు! ఇక్కడున్నానని ఒక్క ఫోన్ కొట్టానంతే."

ఇంతలో తాత కుర్చీలో కూర్చున్నాడు. ఎదుటి గోడ మీద అక్షరాల పట్టీ వెలిగింది. అందరూ ఆశ్చర్యపోయేలా, పై వరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేశాడు.

"చూశారా! ఇక ఇవ్వండి నా కళ్లజోడు" అని లేవబోయాడు.

డాక్టరమ్మ చేతిలో పెన్ను తిప్పుతూ, "పెద్దాయనా, నేను లైటు ఆపేశాక కూడా రెండు వరసలు చదివారు" అంది.

తాత కుర్చీలో కూలబడ్డాడు. బయట వరసలో కూర్చుని, ముందు వెళ్లినవాళ్లు చదువుతుంటే విని బట్టీ పట్టేశాడన్నమాట. నలభై ఏళ్లు తలెత్తుకుని నడిచిన మనిషి, నేల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "కనిపించడం లేదని తెలిస్తే మా మేనేజరు ఇంటికి పంపేస్తాడు తల్లీ. కొత్త కంప్యూటరు వచ్చింది. అదే రంగులు చూసుకుంటుందని ఇప్పటికే అంటున్నాడు. ఇంటికెళ్లి నేనేం చూడాలి? గోడ చూడాలి."

మేనకోడలు గోడ గడియారం వైపు చూసింది. రెండుంబావు. అడగాలని ఉంది, అడగడానికి నోరు రావడం లేదు.

బొమ్మలాయన అప్పటికే డాక్టరమ్మ బల్ల మీది తెల్లకాగితం ఒకటి లాక్కున్నాడు. అడగలేదు, అలవాటు. గబగబా ఏదో గీస్తున్నాడు. పై వరసలో పెద్ద ఏనుగు. దాని కింద రెండు మేకలు. ఆ కింద నాలుగు పిల్లులు. అలా తగ్గుతూ తగ్గుతూ అట్టడుగున ఆవగింజలంత చీమల బారు. కాగితాన్ని తీసుకెళ్లి గోడకి అంటించాడు.

"ఇది బట్టీ పట్టడం కుదరదు. పిల్లులు ఏం చేస్తున్నాయో చెప్పండి."

తాత కళ్లు చికిలించాడు. "పిల్లులా అవి? నేను కూజాలు అనుకున్నా."

"కింద?"

"కింద ఏముంది? మరక."

డాక్టరమ్మ ఒక ఇనప ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టింది. రకరకాల అద్దాలు మార్చి మార్చి చూసేందుకు వాడే గుండ్రటి బరువైన ఫ్రేము అది. ఒక అద్దం వేసింది, తీసింది. ఇంకోటి వేసింది. "ఇదా, ఇదా? ఇదా, అదా?" అని అడుగుతూ పోయింది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. మేనకోడలు గోళ్లన్నీ కొరికేసి, తెలియకుండానే డాక్టరమ్మ పెన్ను మూత కొరకడం మొదలుపెట్టింది.

ఉన్నట్టుండి తాత ముందుకి వంగాడు.

"చీమలు" అన్నాడు.

డాక్టరమ్మ చేతిలో అద్దం అక్కడే ఆగింది.

"చీమలు... ఏడు. ముందు దాని నెత్తి మీద మూట ఉంది. మూటకి చిరుగు. చిరుగులోంచి..." ఆయన మెడ ఇంకా చాచాడు. "ఓర్నీ! చిరుగులోంచి పంచదార కారిపోతోంది! వెనక చీమ నాకుతోంది! దొంగముండ!"

అలా అంటుండగా ఆయన ముఖంలో ఏదో జరిగింది. నవ్వు కాదు అది, నవ్వు తర్వాత వచ్చింది. ముందు కనుబొమలు పైకి లేచాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఏదో పోగొట్టుకున్నానని కూడా మరచిపోయిన మనిషికి, అది ఎదురొచ్చి పేరు పెట్టి పిలిచినట్టు ఉంది ఆ ముఖం.

బొమ్మలాయన అప్పటికే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో పెన్సిలు పరుగెడుతోంది. జేబులోంచి రంగుల డబ్బీ వచ్చింది. నీళ్ల కోసం వెతికి, డాక్టరమ్మ కప్పులో టీ దొరికితే బ్రష్షు అందులో ముంచాడు. డాక్టరమ్మ నోరు తెరిచింది, ఏమనుకుందో మళ్లీ మూసేసింది.

మూడుంబావుకి పద్దెనిమిదో ఎలుగుబంటి పూర్తయింది. మేనకోడలు దాన్ని చూసి, కొరుకుతున్న పెన్ను మూత బల్ల మీద పెట్టేసింది.

"పదండి, పదండి!" అని లేచింది.

"ఆగమ్మా" అంది డాక్టరమ్మ. "ఈ పవర్ అద్దాలు తయారుచేసి ఆయన ఫ్రేములో బిగించేసరికి రేపవుతుంది. పాత అద్దాలతో ఆయన మెషిన్ చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే."

అందరూ తాత ముక్కు మీదున్న ఇనప ఫ్రేము వైపు చూశారు. డాక్టరమ్మ కూడా చూసింది. ఆ ఫ్రేము పెట్టెతో సహా క్లినిక్‌ది. బయటికి ఇవ్వడానికి వీల్లేదు. ఆవిడ కాసేపు పెదవి కొరికింది. తర్వాత బొమ్మలాయన వైపు తిరిగి, "మీ గురించి పొద్దుటి నుంచి వింటున్నాను. నేను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్తున్నాను. కనీసం రెండు నిమిషాలు పడుతుంది" అంది.

బొమ్మలాయన జీవితంలో అంత గౌరవంగా ఎవరూ ఆయనకి దొంగతనం అప్పగించలేదు.

టాక్సీలో ముగ్గురూ ఎక్కారు. తాత ముక్కు మీద ఇనప చక్రాలతో కిటికీలోంచి బయటికి చూస్తూ, కనిపించిన బోర్డులన్నీ పైకి చదివాడు. "బేకరీ! టైర్లు అమ్మబడును! ఇక్కడ ఉమ్మి వేయరాదు! ఆహా!" సిగ్నలు దగ్గర టాక్సీ ఆగిపోయింది. మూడున్నర. ముందు లారీ. మూడు నలభై. మేనకోడలు మడతపడకుండా బొమ్మని రెండు అట్టల మధ్య గుండెలకి హత్తుకుని కూర్చుంది. లారీ వెనక ఏం రాసుందో తాత చదివి వినిపిస్తున్నాడు. ఆమెకి ఒక్క ముక్క చెవికెక్కలేదు.

నాలుగుకి రెండు నిమిషాలుండగా ప్రెస్సు గేటు దాటారు.

బొమ్మ లోపలికి వెళ్లింది, ప్లేటు తయారైంది. అయిదింటికి మెషిన్ దగ్గర మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇనప ఫ్రేముతో వచ్చిన తాతని పైనుంచి కిందికి చూశాడు.

"అంటే, ఇన్నాళ్లూ మీకు కనిపించడం లేదన్నమాట."

తాత మెషిన్ పక్కన తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. మేనేజరు బల్ల మీది కంప్యూటరు తెర చూపించాడు. "ఇదిగో, అంతా సరిగ్గా ఉందంటోంది. మీరు ఓకే అనకపోయినా ఫర్వాలేదు. తిప్పేయండి!"

మొదటి కాగితాలు బయటికి వచ్చాయి. తాత ఒకటి తీసుకుని దీపం కిందికి నడిచాడు. కాగితాన్ని ముక్కుకి ఆనించలేదు, దూరంగానూ పెట్టలేదు. మామూలుగా పట్టుకుని చూశాడు.

"ఆపండి!"

మెషిన్ ఆగింది.

"ఎరుపు జరిగింది. ఎలుగుబంటికి రెండు ముక్కులు వచ్చాయి."

మేనేజరు కాగితం లాక్కుని చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. కంప్యూటరు వైపు చూశాడు, అది ఇంకా అంతా బాగుందనే అంటోంది. మళ్లీ భూతద్దంలో చూశాడు. వెంట్రుకవాసి. నిజంగానే రెండు ముక్కులు.

ఆయన భూతద్దం పక్కన పెట్టాడు. చివరికి గొంతు సవరించుకుని, "ఇంతకుముందు ఎన్ని పుస్తకాలకి రెండు ముక్కులు పోయాయో!" అన్నాడు. తాత తల వంచుకున్నాడు. "పోనివ్వండి. ఆ కంప్యూటరు పక్కన మీరు ఉండాలి. అదేం చూడటం లేదో మీరు చూడాలి. ఏటా కళ్లు చూపించుకోవాలి, చూపించుకోనంటే మాత్రం..." బొమ్మలాయన వైపు వేలు చూపించి, "ఈయన్ని పిలిపిస్తాను!"

సోమవారం పుస్తకం బడులకి చేరింది. చివరి పేజీ దగ్గర పిల్లలు ఎలుగుబంటిలాగే నోళ్లు తెరుస్తున్నారని టీచర్ల నుంచి కబురొచ్చింది. పెద్ద ఎడిటరు "మన ఆర్టిస్టు" అన్నాడు, అదీ రెండుసార్లు.

గడియారాల షాపు సంగతి మేనకోడలు అత్తయ్యకి చెప్పింది. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత లేచి పనిగది గుమ్మంలో నిలబడింది.

"ముప్ఫై ఏళ్లు! ముప్ఫై ఏళ్లు ఈ వీధంతా తిరిగి క్షమాపణలు చెప్పాను! వాళ్లు నాకు దండలు వేయాల్సింది! ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"చెబితే నువ్వు అందరికీ చెప్పేస్తావని..."

ఆవిడ అందరికీ చెప్పేసింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా పొక్కింది.

అక్కడ మొదలయ్యాయి బొమ్మలాయన అసలు కష్టాలు. ఆయన ఎక్కడికి వెళ్లినా జనం పాడైన సామాన్లు ఎదురుగా పెట్టి, పక్కకి తిరిగి నిలబడటం మొదలుపెట్టారు. దర్జీ ఇస్త్రీపెట్టె అరుగు మీద పెట్టి ఆకాశం వైపు చూశాడు. పన్ను డాక్టరు తిరగని ఫ్యాను విప్పి మెట్ల మీద పెట్టాడు. కండక్టరు ఏకంగా, "తీసుకోండి సార్, నేను చూడను" అన్నాడు.

ఆయనకి ఒళ్లు మండిపోయింది. "నేనేమైనా రిపేరు షాపు పెట్టానా? ఇస్తే తీసుకునేవాణ్నా నేను?" అని ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు. మూడు వారాలు ఒక్క బొమ్మ గీయలేదు. చేతిలో ఎవరిదో వస్తువు లేకపోతే ఊహ కదలడం లేదన్నాడు. కొత్త పుస్తకం మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

పెద్ద ఎడిటరుకి మళ్లీ గుండె దడ మొదలైంది. ఆయన తన ఊచలు వంగిన గొడుగుని, బొమ్మలాయన ఆఫీసుకి వచ్చిన రోజు బల్ల అంచున ఆనించి, ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించాడు. బొమ్మలాయన వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, "సార్, మీ గొడుగు జారిపోయేలా ఉంది, జాగ్రత్త" అని బల్ల మీద పడుకోబెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పెద్ద ఎడిటరు పంతం పట్టాడు. గొడుగుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నా గొడుగు ఎవరైనా ముట్టుకున్నారో, ఊరుకునేది లేదు!" అని ఆఫీసంతా వినిపించేలా, ముఖ్యంగా ప్రూఫుల గదిలో ఉన్న ఒక మనిషికి వినిపించేలా అరిచి, భోజనానికి వెళ్లాడు.

తిరిగొచ్చి బీరువా తీశాడు. మరుక్షణం గది తలుపు ధడాలున తెరుచుకుంది. నలభై మంది పనిచేసే ఆ హాల్లోకి, గంభీరంగా తప్ప నడవడం ఎరగని పెద్ద ఎడిటరు, లాటరీ తగిలినవాడిలా చేతులు పైకెత్తి పరుగెత్తుకొచ్చాడు.

"పోయింది!" అని కేకపెట్టాడు. "అమ్మాయ్! నా గొడుగు పోయింది!"